మా కంపెనీ చెడంతా చెప్పిన పెద్దన్న

మా పెద్ద పాట్నర్ రెండు వారాల కింద దవాఖానలో కన్నుమూశాడు. కబురు చెప్పడానికి వచ్చిన ఆయన కొడుకు గుమ్మంలో నిలబడి, "కాకా, బాపు పోయిండే" అని కాసేపు ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, "నిన్న డాక్టరు సాబ్ మన కంపెనీ షేర్లు కొన్ననని అన్నడు. ఇగ సూడు, బాపు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ మన కంపెనీల ఉన్న తిప్పలన్నీ ఆయనకు చెప్పిండు" అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటే ఒళ్లూ మండింది. పదిహేనేళ్లకు పైగా ఆ మనిషితో నా బతుకు ఇంతే.

ఈ కంపెనీ ఒకప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గర ఓ బట్టల దుకాణం పైన రెండు గదుల పాట్నర్‌షిప్. లారీలు కొనేవాళ్లకు అప్పివ్వడం, నెలనెలా కిస్తీలు వసూలు చేసుకోవడం మా పని. డెబ్బైల్లో నేను నాలుగో పాట్నర్‌గా చేరేనాటికి మిగతా ఇద్దరూ ఆయనకు అలవాటుపడిపోయి ఉన్నారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను పెద్దన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, రెండూ రాయవు. సంతకానికి నా పెన్ను తీసుకుని మూత లేకుండా తిరిగిచ్చేవాడు. గదిలో ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు. ఎండాకాలం వరంగల్‌లో ఫ్యాన్ లేకుండా లెక్కలు చూడటమంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఫర్మ్‌లో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరే పాట్నర్‌ను ఆయన తన ఇంటికి భోజనానికి పిలుస్తాడు. విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నం వడ్డించకుండా, ముందు ఫర్మ్‌లో ఉన్న చెడంతా చెబుతాడు. ఏ లారీ బోల్తా పడింది, ఏ పార్టీ కిస్తీలు ఎగ్గొట్టి మహారాష్ట్ర పారిపోయింది, ఏ పాట్నర్‌కు కోపమెక్కువ, తనకెంత మతిమరుపు, అన్నీ. నా వంతు వచ్చిన రోజు కడుపు నకనకలాడుతుంటే ఇవన్నీ విన్నాను. లోపలినుంచి వదిన, "పప్పు సల్లారిపోతాంది, ఇగ చాలియ్యిండ్రి" అని అరుస్తూనే ఉంది. అంతా అయ్యాక ఆయన, "ఇప్పుడు చెప్పు తమ్మీ. తింటవా, ఇంటికి పోతవా?" అన్నాడు. తిన్నాను. లాభానికి ఆశపడి ఒప్పుకున్నానో, ఆకలికి ఆగలేక ఒప్పుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఎనభైల్లోకి వచ్చేసరికి లారీల ధరలు పెరిగాయి. నలుగురి పెట్టుబడి ఏ మూలకూ చాలేది కాదు. మా పాత పార్టీలు ఒక్కొక్కరే హైదరాబాద్‌లోని పెద్ద ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి వెళ్లిపోతున్నారు. పబ్లిక్ లిమిటెడ్ అయ్యి జనానికి షేర్లు అమ్మితే నిలబడతాం, లేకపోతే రెండేళ్లలో తాళం వేసుకుంటాం. ఇంత తేలిక విషయం ఆయన్ని ఒప్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా పాట్నర్‌షిప్‌లో ఒక్కరు వద్దన్నా పని ఆగిపోతుంది. ఆయన వద్దనడు, సరేననడు. "జర సోంచాయిస్త" అంటాడు. ఆలోచిస్తానంటూ మూడేళ్లు సోంచాయించాడు.

చివరికి సరేనన్న రోజున షేర్ల అమ్మకం నడిపించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇష్యూ మేనేజరును ఎదురుగా కూర్చోబెట్టుకుని, "షేరు కొన్నోడు పాట్నరే గద?" అని అడిగాడు.

"ఒక రకంగా అంతేనండీ."

"మరి పాట్నర్‌కు ముందుగాల చెడ్డది చెప్పాలె."

"అన్నీ ప్రాస్పెక్టస్ పుస్తకంలో రాశాం సార్."

"ఇంగ్లీషుల ఉన్నది. అండ్ల చీమల తీరు అక్షరాలు. నాకే సమజైతలెవ్వు. సరే, నేను చెప్పుకుంట. మరి ఆ కొన్నోడు రేపు ఇంకొకనికి అమ్ముకుంటే, వానికెవరు చెప్పాలె?"

"ఎవరూ చెప్పక్కర్లేదండీ. మార్కెట్ అంటేనే అది."

"గదేం మార్కెట్?" అన్నాడు పెద్దన్న. ఆ మేనేజరు నవ్వాడు. నేను నవ్వలేదు, నాకు ఆయన సంగతి తెలుసు.

షేర్ల అమ్మకం మొదలైంది. చెప్పిన గడువులోపు కావలసినంత రాకపోతే వచ్చిన సొమ్మంతా తిరిగిచ్చేయాలి, అంటే మా పని అయిపోయినట్టే. మొదటి రోజు పొద్దున నేను షేర్ల ఫారాలు తీసుకునే బ్యాంకుకు వెళ్లేసరికి పెద్దన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫారం పట్టుకుని వచ్చినవాణ్నల్లా ఆపి పక్కన కూర్చోబెడుతున్నాడు. కాశిబుగ్గ నుంచి వచ్చిన ఒక నేతపని ఆయన చివరికి విసుక్కున్నాడు.

"పెద్దన్నా, నీ కంపెనీ షేరు కొంటానంటే నన్నే భయపెడ్తున్నవేందే?"

"భయపెడ్తలేను, ఉన్నది చెప్తాన. పోయిన వానలల్ల మన లారీలు సగం షెడ్లనే ఉన్నయి. కిస్తీలు రాలే."

"నువ్వున్నవు గద, నాకేం ఫికర్?"

"నేను ఎన్నేండ్లుంట? నన్ను చూసి కొనకు."

ఆ మనిషి చాలాసేపు ఆలోచించి, కొందామనుకున్నదాంట్లో సగమే కొన్నాడు. పెద్దన్న నావైపు తిరిగి, "చూసినవా తమ్మీ, తెలివిగల్లోడు" అన్నాడు సంబరంగా. నేను గోడకేసి తల కొట్టుకోవడమొక్కటే తక్కువ.

మర్నాడు మేం ముగ్గురం కలిసి ఉపాయం పన్నాం. నెక్కొండలో ఒక పార్టీ కిస్తీ కట్టనంటున్నాడు, నువ్వు వెళ్తే తప్ప వినడు అని చెప్పి ఆయన్ని రైలెక్కించాం. హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. సాయంత్రం రైలు దిగి, మొహం వెలిగిపోతూ వచ్చాడు. "నెక్కొండల గూడ మన ఫారాలు నింపుతాండ్లు తమ్మీ! స్టేషన్ల అందర్ని కూసోవెట్టి చెప్పిన."

ఎలాగో గట్టెక్కాం. గడువు చివరి రోజున, అదీ మేనేజరు నానా తంటాలు పడితే. కంపెనీ పుట్టింది, పెద్దన్నను ఛైర్మన్‌ని చేశాం. ఇక నోరు మూసుకుంటాడనుకున్నాను. బోర్డు మీటింగుల్లో షేర్ల బదిలీ కాగితాలు వచ్చినప్పుడు కొత్తగా కొన్నవాళ్ల పేరూ ఊరూ మాత్రం పైకి చదివేవాడు. పెద్దతనమని ఊరుకున్నాం. కంపెనీ బాగానే నడిచింది, లాభాలూ పంచాం. అయినా మా షేరు ధర పెరిగేది కాదు. హైదరాబాద్ బ్రోకరు ఫోన్ చేసి, "మీ గురించి ఎవరో ఊరూరా చెడుగా చెబుతున్నారండీ, కనుక్కోండి" అనేవాడు. మా పోటీ ఫైనాన్స్ వాళ్ల పనేనని నేను వాళ్ల ఓనరుతో నడిబజార్లో గొడవ కూడా పెట్టుకున్నాను.

మొన్న పెద్దన్న దినాలకు నాకు ముఖపరిచయం లేని మనుషులు చాలామంది వచ్చారు. జనగామ నుంచి ఒకాయన, మహబూబాబాద్ నుంచి ఓ టీచరమ్మ, ఇంకా ఎవరెవరో. మీరెవరని అడిగితే, మీ కంపెనీ షేర్లున్నాయన్నారు.

"పోయినేడు మా ఇంటికొచ్చిండు," అంది టీచరమ్మ. "మీ కంపెనీల ఉన్న లోపాలన్నీ చెప్పిండు. మంచినీళ్లియ్యబోతే, ముందుగాల మొత్తం ఇనమ్మా అన్నడు."

"మా దగ్గరికి గూడ," అన్నాడు జనగామ ఆయన. "ఎండల నడుసుకుంట వచ్చిండు."

మీటింగులు లేని రోజుల్లో పొద్దుపోక బస్సుల్లో తిరుగుతున్నాడని వదిన నాతో అంటూ ఉండేది. పెద్దన్న ఇంటి పెరట్లో నిలబడి, ఊరూరా మా గురించి చెడు చెప్పింది ఎవరో నాకు తెలిసింది. బతికుంటే ఆ రోజు ఆయన్ని పట్టుకుని కడిగేసేవాణ్ని.

"అంత విని కూడా మీరెందుకు అమ్ముకోలేదమ్మా?" అన్నాను, నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"ఎందుకమ్ముత?" అంది ఆమె. "ఇంకే కంపెనీ వాళ్లొచ్చి చెప్పిండ్రు నాకు?" ఆ వెంటనే, "ఇప్పుడు కొత్తగా కొన్నోళ్లకు ఎవరు చెప్తరు సార్?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నావైపు చూశారు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. పోయి కూడా నా నెత్తిన పని పెట్టాడు.

ఈ నెల బదిలీ కాగితాల్లో ఖమ్మం ఆయన పేరు ఒకటుంది. నిన్న పొద్దున్నే బస్సెక్కాను. వర్ధన్నపేట దాటేదాకా పెద్దన్నను తిట్టుకుంటూనే కూర్చున్నాను. ఖమ్మంలో అడ్రసు పట్టుకుని తలుపు కొడితే, నోట్లో పళ్లపుల్లతో ఒక కుర్ర లెక్చరర్ తలుపు తీశాడు. షేర్లు కొన్నది మీరేనా అంటే, అనుమానంగా చూసి, "ఇంకా కొనమని వచ్చారా?" అన్నాడు. కాదు, ఆ కంపెనీలో ఉన్న చెడు చెప్పడానికొచ్చానన్నాను. ఆయన పళ్లపుల్ల తీసేసి, లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వాకిట్లో వేశాడు. కూర్చున్నాను. ఎదురుగా ఆయన గోడకానుకుని నిలబడి వినడానికి సిద్ధంగా ఉన్నాడు. పెద్దన్న ఎక్కడినుంచి మొదలుపెట్టేవాడో అడుగుదామంటే మనిషి లేడు.