దొరసాని యాసలో నా చదువు

నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. నేర్పింది ఒక తెల్లావిడ. ఎనభైల మొదట్లో, బెంగళూరు పేటలోని మా నేతగాళ్ళ వీధిలో, భజనమందిరం పక్కగదిలో మధ్యాహ్నం పూట మా ఆడవాళ్ళం కొందరం ఆమె దగ్గర కూర్చునేవాళ్ళం. అనంతపురం వైపు ఏదో ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ నేర్చుకున్న తెలుగు ఆమెది. ట, డ ఆమె నోట్లో మెత్తబడిపోయేవి. పలక మీద మాత్రం అక్షరం గుండ్రంగా, కుదురుగా కూర్చునేది.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గాలు ఆడవు. అలాంటి ఒక అమావాస్యకు ఊరికే ఉన్న మగవాళ్ళంతా గది గుమ్మంలో చేరారు. ఆ గది తాళానికి బీగంచెవి కులపెద్ద దగ్గర ఉండేది. ఆయన నాకు వరసకు మామ.

"ఏమ్మా, ఏం నేర్చినావో చదువు, విందాం" అన్నాడు.

చదివాను. నా నోట్లోంచి వచ్చింది ఆమె యాసే. మాట్లాడితే నా మాట నాదే, చదివితే మాత్రం ఆమెది. అక్షరాన్ని నేను మొదట విన్నది ఆ గొంతులోనే మరి.

"వదిన దొరసాని అయిపోయిండాదప్పా! రేపట్నుంచి సంగటి తింటాదో, బ్రెడ్డే తింటాదో!" అన్నాడు మా మరిది. అందరూ పగలబడి నవ్వారు. టీచరు ముఖం ఎర్రబడింది. నేను ఆపలేదు. పాఠం చివరిదాకా చదివాను.

"చాలమ్మా. ఈయమ్మ వద్దు. తెలుగు సక్కగా మాట్లాడే మేష్ట్రు దొరికినంక గది ఇస్తాను" అంటూ మామ తలుపు మీద చెయ్యి వేశాడు.

"సక్కగా మాట్లాడేవాళ్ళు వీధి నిండా ఉండారు గదా మామా. ఇన్నేండ్లలో ఒక్కరన్నా నాకు 'అ' నేర్పినారా? చీరలు కొనేకి వచ్చిన విజయవాడ షావుకారు మన మాటకు నగలేదా? నగినాడని మనం నేసేది నిలిపినామా?"

పలక చంకన పెట్టుకుని లేచాను.

"బీగం ఏసుకో. మా ఇంట్లో జాగా ఉండాది."

"మీ ఇంట్లో గొడవ వస్తుంది" అంది టీచరు, తన యాసలోనే.

"రానీండి" అన్నాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో, రెండు మగ్గాల మధ్య చాప పరిచి కూర్చున్నాం. ఆ చప్పుడులో మాట వినబడదు. అందుకని ఆమె గొంతెత్తి అరిచి చెప్పేది, మేమూ అరిచి పలికేవాళ్ళం.

"కొంచెం మెల్లగా, వదినా. వీధంతా వినబడతా ఉండాది" అన్నాడు మా మరిది మగ్గం మీద నుంచి.

లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తీసి వచ్చి కూర్చున్నాను.