ఆఫీసు మన రేవు దాటదు, బాబాయిగారూ

నిన్న బడి వదిలే వేళకు కబురు వచ్చింది. పిల్లలను పంపేసి బోర్డు తుడుస్తున్నాను.

"ఏసుదాసు గారు పోయారండీ," అన్నాడు దోనె నడిపే వెంకన్న, గుమ్మం బయటే నిలబడి.

"ఏ ఏసుదాసు గారు?" అన్నాను.

మన లంకలో ఆ పేరుగల మనిషి ఒక్కరే. అయినా అడిగాను.

జ్వరమట. మొన్న ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడిన మనిషి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో లంకకు కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. ఏసుదాసు బాబాయిగారు మన రిజిస్ట్రారు ఆఫీసులో హెడ్‌గుమాస్తా. ఆ ఆఫీసును ఏలూరు నుంచి ఇక్కడికి, కొల్లేటి ఒడ్డుకు మార్చమని మద్రాసు నుంచి ఆర్డరు వచ్చినప్పుడు మిగతా గుమాస్తాలందరూ ట్రాన్స్‌ఫర్ తప్పించుకున్నారు.

"వెళ్లి బాతులకు దస్తావేజులు రాస్తావటయ్యా?" అని నవ్వారట.

"బాతులు నయమండీ, పిలిస్తే వస్తాయి," అని ఈయన పెట్టె సర్దుకున్నారు.

అంతకుముందు పొలం కాగితాలంటే ఏలూరే. దోనెలో కొంత దూరం, బురదలో కొంత దూరం. తీరా వెళ్తే రేపు రమ్మనేవారు.

మా అమ్మ అక్కడ వేలిముద్ర వేసిన రోజున, కాగితంలో ఏం రాశారో ఎవరూ చదివి చెప్పలేదు.

ఇక్కడ మళ్లీ వేయవలసి వచ్చినప్పుడు బాబాయిగారు కలం పక్కన పెట్టేశారు.

"వదినగారూ, మీ అమ్మాయి చదువుకుంది కదండీ. పిలవండి. అది చదివి వినిపించాకే వేలు పెడుదురుగాని."

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. నా చదువు మా ఇంటికి అక్కరకొచ్చింది ఆ రోజే.

ఆఫీసు వచ్చిన మరుసటి ఏడు, ఇక్కడ పని ఉందో లేదో చూడటానికి పైఆఫీసరు బోటులో వచ్చారు. బోటుకు జెండా.

మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు.

"ఈగలు తప్ప ఎవరూ లేరేమయ్యా," అన్నారు ఆఫీసరు.

"తమరి బోటును కాస్త ఆ తుంగ వెనక్కి పంపించండి," అన్నారు బాబాయిగారు, నిదానంగా.

జెండా బోటు రేవులో కనబడితే శిస్తు కోసమో, వలలు పట్టుకుపోవడానికో వచ్చారనుకుని మనవాళ్లు దోనెలు వెనక్కి తిప్పేసి దాక్కుంటారు. తాతల నాటి అలవాటు.

బోటు తుంగ వెనక్కి వెళ్లింది.

కాసేపటికి ఒక దోనె. దాని వెనక ఇంకొకటి.

సాయంత్రానికి ఆఫీసరుగారికే చోటు లేక, అరుగు దిగి ఎండలో నిలబడ్డారు. ఆఫీసు ఉండిపోయింది.

ఈ ఉదయం బాబాయిగారిని సమాధి చేసి వచ్చాం. ఆ మట్టి ఆరకముందే ఏలూరు నుంచి మాట వచ్చింది. ఆయన జాగాలోకి వచ్చేవారు లేరట. ఆఫీసు ఎత్తేసి, సోమవారం బోటు పంపి రికార్డులన్నీ తీసుకుపోతారట.

తీసుకుపోనివ్వం.

పోయింది మనిషి. ఆఫీసు ఆయన సొంతం కాదు, మనందరిది.

గుమాస్తా దొరకడం లేదంటే నేను దరఖాస్తు పెడతాను. ఆడపిల్ల అని నవ్వితే నవ్వనివ్వండి. బాతులని నవ్వినవాళ్లే కదా వాళ్లు.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను.

సోమవారం జెండా చూసి ఎవరూ దోనె తిప్పవద్దు. పొద్దున్నే అందరూ రేవుకు రండి. దోనె పక్కన దోనె కట్టండి. ఆ బోటు కట్టుకోవడానికి ఒక్క గుంజ కూడా మిగలకూడదు.

బాబాయిగారూ, మీరు ప్రశాంతంగా పడుకోండి.

ఈసారి మేం దాక్కోం.