సూదవ్వ చెవిలో చెప్పిన మాట

చిక్కబళ్లాపురం నుంచి చింతామణికి పోయే చిన్న రైలు ఎక్కదలచుకున్నవారికి ముందుగా ఒక మాట. పొద్దుటి బండి ఏడు గంటలకని స్టేషను గోడ మీద రాసి ఉంటుంది. ఆ గోడను నమ్మకండి. నేను నమ్మి, నున్నగా గడ్డం గీయించుకుని ఆరున్నరకే చేరాను. బండి వచ్చేసరికి గడ్డం మళ్లీ మొలిచింది. ఇక పెట్టె ఎంత ఇరుకంటే, ఎదుటివాడి మోకాళ్లు మన మోకాళ్లతో బంధుత్వం కలుపుకుంటాయి. దిగేటప్పుడు ఎవరి కాళ్లు ఎవరివో సరిచూసుకుని దిగాలి.

ఇలా మొదలుపెట్టానని వినోదానికి బయలుదేరాననుకోవద్దు. నేను పోయింది ఈమధ్యే కన్నుమూసిన మా అవ్వ పెద్దదినానికి, అంటే పెద్దకర్మకు. అమ్మను కన్న అవ్వ. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోతే, నన్ను తన ఇంటికి తెచ్చుకుని పెంచింది. చింతామణిలో బడి నర్సుగా ఉండేది. పింఛను వచ్చేదాకా ఆ చుట్టుపట్ల ఏ ఊళ్లో బడి ఉన్నా ఎద్దులబండిలో పోయి, పిల్లల గోళ్లు చూసి, కళ్లలో మందు పోసి, సూదులు వేసి వచ్చేది. తల వయసులోనే నెరిసింది కాబట్టి ఊరందరికీ ఆమె సూదవ్వ.

ఆమె నాకిచ్చిన ఆస్తి ఒక్క మాట. చిన్నప్పుడు నా చెవిలో చెప్పింది. "పిల్లోళ్లందర్లోకీ నువ్వంటేనే నాకు ఎక్కువ. యెవురికీ చెప్పొద్దు." నేను చెప్పలేదు. ఊరి కుంటను సముద్రమనీ, మామ ఇంటి కుక్కను చిరుతపులి అనీ చెప్పుకు తిరిగే నేను, ఈ ఒక్కదాన్ని మాత్రం చిలవలు పలవలు అల్లకుండా ఉన్నదున్నట్టు దాచుకున్నాను. నలభై దాటాక కూడా, నలుగురిలో తలవంపులైన రోజున ఇంటికొచ్చి ఆ మాట తీసి చూసుకునేవాణ్ని. తల్లి లేనివాడికి అది చాలా దూరం వస్తుంది.

రైల్లో నా మోకాళ్లకు కొత్త చుట్టమైన మనిషి పట్టుగూళ్లు అమ్మేవాడు. గూళ్ల గంపను ఒళ్లో పెట్టుకుని శిడ్లఘట్టకు పోతున్నాడు. ఆయన మీసం మీద రెండు పిచ్చుకలు కాపురం పెట్టవచ్చు.

"యాడికప్పా పోతాండావు?" అన్నాడు.

"చింతామణికి. మా అవ్వ పెద్దదినం. బడి నర్సు. సూదవ్వ అనేవాళ్లు."

గంప మీది చెయ్యి అలాగే ఆగిపోయింది. "సూదవ్వ పోయిందా," అన్నాడు. తరువాత చొక్కా చెయ్యి పైకి మడిచి టీకా మచ్చ చూపించాడు. జొన్నరొట్టె అంత ఉంది. "ఇది ఆయమ్మ వేసిందే. ఇంక చెప్పొచ్చు కదప్పా? ఆయమ్మ బతికుండగా చెప్తే సూదినొప్పి తిరిగొస్తాదనింది."

"ఏం చెప్తే?"

"సూది వేసేముందు నా చెవులో ఒక మాట చెప్పింది. పిల్లోళ్లందర్లోకీ నువ్వంటేనే నాకు ఎక్కువ, యెవురికీ చెప్పొద్దు అని. నేను నోరు తెరుచుకుని ఆయమ్మ మొగం చూస్తాంటే, సూది ఎప్పుడు దిగిందో తెలీలే. మా ఇంటిదానికి గూడా చెప్పలేదప్పా ఈ మాట."

శిడ్లఘట్టలో గంప ఎత్తుకుని, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ దిగిపోయాడు. నేను మిగిలిన దారంతా ఆ మనిషి అబద్ధాలకోరని తీర్మానించుకుంటూ పోయాను. నాకు అందులో అనుభవం ఉంది కాబట్టి గుర్తుపట్టగలననుకున్నాను. కానీ ఆయన కళ్లు అబద్ధాలకోరు కళ్లు కావు.

చింతామణి చేరేసరికి పది దాటింది. జట్కా ఎక్కి అవ్వ కొడుకైన మా మామ ఇంటికి పోయాను. ఆ గుర్రం ఎముకలు ఎంత బయటికున్నాయంటే, నా గొడుగు తగిలించుకోవచ్చు. నడవాలో అవ్వ పటానికి చేమంతి దండ వేశారు. తెల్ల కోక, భుజం దగ్గర పిన్నుతో గుచ్చిన గడియారం. పిల్లల నాడి చూసేది ఆ గడియారంతోనే. ఆ పటం ముందు నిలబడితే ఎవరో నా చేతులు తిప్పి గోళ్లు చూస్తున్నట్టే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఒంటిగంటకు పంక్తిలో ఆకులు వేశారు. నాకు ఎదురుగా గానుగ ఇంటి ఆమె, ఆమె పక్కన మేష్ట్రు భార్య కూర్చున్నారు. పప్పు వడ్డించే వేళకు గానుగామె పటం వైపు చూసి నిట్టూర్చి, మెల్లగా పక్కామెతో చెప్పింది. నేనంటేనే ఆయమ్మకు ఎక్కువ, నా చెవులో చెప్పింది, అని.

మేష్ట్రు భార్య అన్నం కలపడం ఆపేసింది. "నీకా? నాకు గదా చెప్పింది."

"నీకు ఊరికే చెప్పింటాది లేమ్మా. సూది చూసి బడి గోడ దూకినావు నువ్వు."

"దూకినా గాబట్టే, పట్టుకొచ్చి చెప్పింది. నువ్వు ఏడిస్తే చింతామణి అంతా యినపడె. నీకు ఇంకెట్ల నోరు మూయిస్తాది?"

ఇద్దరూ కోపంగా చూసుకున్నారు. తరువాత మేష్ట్రు భార్యకు నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది. పక్కవారు విన్నారు, వారి పక్కవారు విన్నారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, వచ్చేవేళకు పంక్తి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒక్కొక్కరే ఒప్పుకుంటున్నారు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు, మనవళ్లున్నవాళ్లు, అందరూ మా అవ్వకు అందరికంటే ఎక్కువైనవాళ్లే. నా అంచనాలో కోలారు జిల్లాలో సగం మంది. మిగతా సగానికి ఆరోజు పిలుపు అందలేదంతే.

నేను మాత్రం నోరు విప్పలేదు. నెయ్యి పోసిన ఓళిగను ఆకులోనే వదిలేశాను. నాకున్న ఒకే ఒక ఆస్తి ఊరుమ్మడి పోరంబోకని ఆరోజు తెలిసింది. అవ్వ పోయిందన్న కబురు వచ్చినప్పుడు కంటే అప్పుడే నాకు ఎవరూ లేరనిపించింది.

చెయ్యి కడుక్కున్నాక మామ ఒక సంచి ఇచ్చాడు. అందులో అవ్వ తెల్ల కోక, అరిటాకులో చుట్టిన ఓళిగలు ఉన్నాయి. "తల్లి కోక కూతురికి చేరల్ల కదప్పా," అన్నాడు. "మీ చిన్నమ్మ బాగేపల్లిలో తుంటి ఎముక విరిగి మంచం మీద ఉండాది. కడచూపుగ్గూడా రాలేకపాయ. కబురు తెలిసినప్పట్నించీ ముద్ద సరిగ్గా ముట్టలేదంట. నువ్వు దగ్గర కూచోని ఒక్క ఓళిగన్నా తినిపించు."

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నేను అవ్వ ఇంటికి వచ్చేనాటికి లంగా ఓణీల పిల్ల.

బాగేపల్లి బస్సు రెండున్నరకు కదిలింది. మిట్టేమరి మీదుగా చుట్టూ తిరిగి పోతుంది. నిలబడే చోటు దొరికినా ఎక్కండి, కూర్చున్నవారి కంటే దుమ్ము తక్కువ తింటారు. నేను కూర్చున్నాను కాబట్టి నాలుగెకరాల మన్ను నాలోకి పోయింది. మిట్టేమరి దాటాక కండక్టరు టికెట్లు చూస్తూ వస్తే, ఉండబట్టలేక అడిగాను.

"చిన్నప్పుడు నీకు సూది వేసింది ఎవరప్పా?"

"సూదవ్వ. ఏం?"

"చెవిలో ఏమన్నా చెప్పిందా?"

అంత మనిషీ సిగ్గుపడ్డాడు. "అది చెప్పకూడదప్పా," అని, నా టికెట్టు చూడకుండానే ముందుకు పోయాడు. ఆమె పోయిందని అతనికి ఇంకా తెలియదు. నేను చెప్పలేదు.

పరగోడు దాటి బాగేపల్లి చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్నమ్మ నడవాలో నులకమంచం మీద ఉంది. మనిషి సగమైంది. ఇది నేను పెంచి చెప్పడం కాదు. కోకను ఆమె ఒళ్లో పెట్టాను. మడత విప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా స్పిరిట్టు వాసన ఉండాది రా," అంది.

ఓళిగ తుంచి ఇస్తే వద్దంది. నవ్విస్తే తింటుందేమోనని పంక్తిలో జరిగిందంతా నాటకంలా ఆడి చూపించాను. గానుగామె గొంతు, మేష్ట్రు భార్య గొంతు, అన్నీ నేనే. చిన్నమ్మ చిన్నగా నవ్వింది.

"నాకు తెలీదా? దూది గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది నేనే గదా. ప్రతి పిల్లోడి చెవులో చెప్పేది యింటా ఉంటి. నా వంతు గూడా వస్తాదని కాచుకున్నా. సూదికి భయమేసినా, ఆ మాట కోసరం చెయ్యి ముందుకు చాపినా."

"చెప్పిందా?"

"కంపౌండరును పిలిచింది. నువ్వు వెయ్యి నాయనా, నా బిడ్డకైతే నాకు చెయ్యి వణుకుతాది అని వాకిట్లోకి పోయి నిలబడింది. అమ్మ చేతి సూదీ లేదు, మాటా లేదు." కోక అంచు సవరించింది. "నీకూ అంతే. నువ్వొచ్చిన యేడు ఊళ్లో అమ్మవారు వచ్చినప్పుడు నీకు టీకా వేసింది కంపౌండరే. అప్పుడూ గిన్నె నా చేతిలోనే ఉండె. అమ్మ వాకిట్లో గోడ పక్క తిరిగి నిలబడింది. నీకూ చెప్పిండదు గదా?"

నా చెయ్యి తెలియకుండానే జబ్బ మీదికి పోయింది. నా మచ్చ అవ్వ వేసింది కాదు. ఆమె చేతి సూది నా ఒంటి మీద ఒక్కటీ లేదు. అయినా ఆ మాట నా చెవిలో ఉంది. జిల్లాలో మరెవరికీ అలా లేదు. ఆ సంగతి గట్టిగా చెప్పాలని గొంతుదాకా వచ్చింది. చిన్నమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"లేదు చిన్నమ్మా," అన్నాను. "నాకూ చెప్పలేదు."

"అట్లయితే నువ్వూ నేనూ ఒకటే," అంది. నా చేతిలోని ఓళిగ ముక్క తీసుకుంది. మెల్లగా తింది. రెండోది తనే అడిగింది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు ఏడున్నర బస్సుకు నేరుగా చిక్కబళ్లాపురానికి తిరుగుప్రయాణమయ్యాను. పోయిన ఏడు చిన్నమ్మ కన్నుమూసింది. అందుకే ఈ సంగతి ఇప్పుడు రాయగలుగుతున్నాను. పుట్టిన దగ్గర్నుంచి ఉన్నదాన్ని పెంచి చెప్పడమే తెలిసినవాణ్ని. ఉన్నదాన్ని లేదని చెప్పింది ఆ ఒక్కసారే.

పేరేసంద్రలో బస్సు ఆగుతుంది. ఇడ్లీలు బాగుంటాయి, దిగి తినవచ్చు. నేను దిగాను గాని ఇడ్లీల కోసం కాదు. అమ్మ పోయినప్పుడు పరగోడులోని మా నాయన ఇంటి నుంచి అవ్వ నన్ను బండిలో ఈ దారినే చింతామణికి తీసుకువస్తూ, ఇక్కడే ఎద్దులను విప్పించింది. ఇప్పుడు ఆ చోట సైకిలు షాపు ఉంది. అమ్మ యాడ అని నేను అడుగుతూనే ఉన్నాను. ఆమె జవాబు చెప్పకుండా నన్ను రాతి మీద కూర్చోబెట్టి, దుమ్ము కొట్టుకున్న నా కాళ్లు కడిగి, కొంగుతో తుడిచి, వంగి చెవిలో ఆ మాట చెప్పింది.

కండక్టరు పిలిచేదాకా ఆ షాపు ముందు నిలబడ్డాను. ఎంత తలచుకున్నా ఆమె చేతిలో నీళ్ల చెంబు తప్ప ఇంకేమీ కనిపించలేదు.