కడుపు చెక్కలయ్యేలా

తెర మీద ఏ కథానాయిక ఏడ్చినా ఆ ఏడుపు మన ఏడుపక్కదే. డబ్బింగు గదిలో మైకు ముందు నిలబడితే చాలు, కళ్ళు కుళాయిలైపోతాయి. ఇంట్లో మాత్రం ఎవరైనా జారిపడితే ముందు పకపకా నవ్వి, తర్వాత లేపే రకం. "ఈ మహాతల్లి ఏడుపంతా కూలికే పోతుంది, ఇంటికి ఒక్క చుక్క మిగల్చదు" అని అత్తగారు దెప్పేది.

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఒకాయన, బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి నవల రాసి అచ్చువేయించాడు. రాసినాయన గుండె కోసి పెట్టాడు. చదివినవాళ్ళు మాత్రం అందులోని మాటలకు పడీ పడీ నవ్వారు. ఆఫీసుల్లో భోజనాల వేళ దాన్ని పైకి చదివించుకుని మరీ నవ్వేవారు. అలాంటి పుస్తకాన్ని ఒక కుర్ర దర్శకుడు సినిమాగా తీశాడు. ఒక్క అక్షరం మార్చనని, హాల్లో ఒక్కరు కూడా నవ్వకూడదని భీష్మించుకు కూర్చున్నాడు.

డబ్బింగు రోజున అద్దం వెనక, దర్శకుడి పక్కన ఎవరో పెద్దాయన కూర్చున్నాడు. ఏడుపక్క ఆయన్ని పట్టించుకోలేదు. తెర మీద ఆస్పత్రి మంచం, దాని మీద తల్లి. ఏడుపక్క చక్కగా వెక్కుతూ మొదలుపెట్టింది.

"అత్తా, కడుపు చెక్కలయ్యేలా ఏడ్చాను..."

అంతే, ఫక్కున నవ్వేసింది. నవ్వరూ మరి! ఎవరికైనా నవ్వితేనే కదా కడుపు చెక్కలయ్యేది. రెండోసారీ అదే తంతు. మూడోసారి "అత్తా" దగ్గరే పగలబడి నవ్వింది.

"ఎవరండీ బాబూ ఇది రాసింది? ఆయన్ని ఓసారి బడికి పంపండి!"

అద్దం వెనక ఎవరూ నవ్వలేదు. పెద్దాయన తలుపు తీసుకుని లోపలికొచ్చాడు.

"నేనేనమ్మా రాసింది. నవ్వితేనే చెక్కలవుతుందని నాకూ తెలుసు. మా ఆవిడకి కడుపు కోసి బిడ్డను తీశారు. బిడ్డ దక్కలేదు. కోత మానకముందే ఏడ్చి ఏడ్చి, కుట్లు తెగాయమ్మా."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఏడుపక్కకు. నాలుక పీకేసుకోవాలన్నంత సిగ్గేసింది.

"ఇంకొక్కసారి చెబుతానండీ. ఈసారి నవ్వను."

"మీరు నవ్వరు. జనం నవ్వుతారు. మొదటి ఆట రోజు మా ఆవిడ నా పక్కనే ఉంటుంది. తీసేయండమ్మా."

దర్శకుడు ఎంత బతిమాలినా ఆయన వినలేదు. ఆ మాట ఉన్నచోట ఉత్త ఏడుపు పెట్టారు. ఏడుపక్క దాన్ని బ్రహ్మాండంగా ఏడ్చింది, అందుకు మరీ సిగ్గుపడింది.

మొదటి ఆట నాడు రచయిత భార్య పక్క కుర్చీయే ఏడుపక్కకు దక్కింది. తెర మీది ఏడుపు ఈమెదేనని రచయిత ముందే భార్యకు చెప్పాడు. ఆస్పత్రి మంచం వచ్చేసరికి హాలంతా ముక్కులు చీదుతోంది, ఒక్కరు నవ్వితే ఒట్టు. ఆ భార్య మెల్లగా ఇటు వంగింది.

"ఇక్కడ ఒక మాట ఉండాలండీ. ఆ రోజు మా అత్తగారితో నేనన్న మాటే. ఆయన అలాగే రాశారు. అది విందామనే వచ్చాను, ఏమైందంటారు?"



"సినిమా పొడుగైందని తీసేశారటండీ" అని ఏడుపక్క అబద్ధమాడింది.

"పోనీలెండి" అంటూ ఆవిడ ఆమె చెయ్యి నిమిరింది. "మీరు మాత్రం ఎంత బాగా ఏడ్చారో!"