అత్తమ్మ పెంచిన ఇసుక దిబ్బ

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. మూసీ ఒడ్డున ఆఫీసర్లు వరుసగా వంగి వట్టివేరు పిలకలు నాటుతున్నారు. ఒడ్డు కోసుకుపోకుండా ఇళ్లను కాపాడడానికట. వేళ్లతో పెద్దది చేసి చూశాను. పెన్‌పహాడ్ అవతల మా నాన్న పుట్టిన ఊరే అది. కాపాడడానికి అక్కడ ఇప్పుడు ఒక్క ఇల్లూ లేదు.

ఒకప్పుడు ఆ ఒడ్డున పది పన్నెండు ఇళ్లుండేవి. ఏరు వచ్చే వైపు చివరిది మా మేనత్తది. నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. ఒక వానాకాలం ఏరు ఆమె పశువుల కొట్టాన్ని ఒడ్డుతో సహా కోసుకుపోయింది. ఆ మరుసటి ఎండాకాలం ఆమె తాటిమట్టలు తెచ్చి ఇంటి వెనుక వరుసగా పాతింది. ఊరంతా నవ్వింది. ఆమె కొడుకు, మా బావ, అందరికంటే ఎక్కువ నవ్వాడు. కానీ గాలికి లేచిన ఇసుక ఆ మట్టల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. అవి మునిగితే వాటి మీద మళ్లీ మట్టలు పాతేది. తర్వాత రెల్లు దుబ్బులు నాటి, బిందెలతో నీళ్లు మోసింది. మేక అటు వస్తే మేకను ఏమీ అనేది కాదు. దాని యజమానిని పేరు పెట్టి, వాళ్ల తాతను కూడా కలుపుకుని తిట్టేది. ఎనిమిదేళ్లకు మనిషెత్తు దిబ్బ లేచింది. రెండుసార్లు వరద దాని దాకా వచ్చి పక్కకు తిరిగిపోయింది. నవ్విన వాళ్లు నవ్వడం మానేశారు గానీ, బిందె అందుకున్న వాళ్లు మాత్రం లేరు.

అప్పుడు నేను సూర్యాపేటలో టీచర్ని. ఇల్లు కట్టుకుంటున్నాం. ఇసుక దొరక్క పని ఆగిపోయింది. బావకు ట్రాక్టర్ ఉంది. ఒక ఆదివారం నేనే వెళ్లి అత్తమ్మను అడిగాను.

"నాలుగు ట్రిప్పులే గదా అత్తమ్మా. వానలు పడితే ఏరు మళ్ల ఇసుక మేటెయ్యదా?"

ఆమె చేతికంటిన మట్టి దులుపుకుంది.

"తీస్కపో బిడ్డా. నిన్నెట్ల కాదంట? గని నీకు ఔనన్నంక రేపు ఇంకెవలకు కాదని చెప్పాలె?"

నాకు సిగ్గేసింది. అయినా ట్రాక్టర్ ఆపలేదు. నాలుగు ట్రిప్పులు ఆరయ్యాయి. తర్వాత ఊళ్లో వాళ్లు వచ్చారు. ఆ తర్వాత మిర్యాలగూడ నుంచి కూడా ట్రాక్టర్లు వచ్చాయి. అత్తమ్మ అడ్డం నిలబడితే, "నీ మేనకోడలికైతే ఇస్తవ్, మాకియ్యవా?" అన్నారట. ఆమె పక్కకు జరిగిందట. రెండో ఎండాకాలానికి దిబ్బ నేలమట్టమైంది.

ఆ వానాకాలం ఏరు తిన్నగా ఇళ్ల మీదికే వచ్చింది. జనం ముందే బడి డాబా ఎక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఇళ్లు వెనుక గోడల నుంచి ఒక్కొక్కటే నీళ్లలోకి జారిపోయాయి. మిగతా వాళ్లకు సర్కారు ఏటికి దూరంగా రోడ్డు పక్కన జాగాలిచ్చింది. బావ తల్లిని కోదాడ తీసుకుపోయి ఒక కిరాయి గదిలో పెట్టాడు.

నేను వెళ్లి మా ఇంటికి రమ్మన్నాను. "వస్త తియ్ బిడ్డా" అంది. చాయ్ పోసి ఇచ్చింది. పిల్లల చదువులు అడిగింది. ఒక్క నిష్ఠూరపు మాటైనా అంటుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. అనలేదు. తప్పయిందని చెప్పడానికి నాకూ నోరు రాలేదు. ఐదేళ్లు ఆ గదిలోనే ఉండి కన్నుమూసింది. మా గడప తొక్కలేదు.

నాకిప్పుడు, ఆమె తాటిమట్టలు మోయడం మొదలుపెట్టినప్పటి వయసు. ఈ వయసు మనిషికి ఎనిమిదేళ్లంటే ఎంత కాలమో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.