కుర్చీకి కట్టిన నారింజ పేలిక

మా మెయింటెనెన్స్ మేడమ్ పోయారని ఫోనొచ్చినప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నాను. చేసింది మా ఎలక్ట్రీషియన్. "మేడమ్ పోయిందన్నా" అన్నాడు. డయాలసిస్ మీదున్న మనిషి, ఏదో ఒకరోజు ఈ మాట వినాల్సి వస్తుందని తెలుసు. అయినా గ్లాసు పక్కన పెట్టి నా చెయ్యి చూసుకున్నాను. ఆ చెయ్యి ఇవాళ నాకు ఉందంటే ఆమె పుణ్యమే. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది బిస్కెట్ల ఫ్యాక్టరీ. మేడమ్ వాళ్ల నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డారు. ఆమె ఇక్కడే పుట్టి పెరిగారు. కానీ కోపమొచ్చిందంటే చాలు, "ఏంటండీ బాబూ ఇది!" అని గోదావరి యాస తన్నుకొచ్చేది. హత్నూర నుంచి వచ్చిన మాకు ఆ "అండీ" వింటే తిట్లు తిన్నంత భయం.

మిషన్ చెడితే కంప్యూటర్‌లో రాయాలి, బాగయ్యాక ఆ ఎంట్రీ మూసెయ్యాలి. ఎక్కడైనా ఇంతే. అసలు పార్టు వచ్చేదాకా ఆగేదెవరు? తీగ చుట్టో, రేకు ముక్క బిగించో, ఏదో జుగాడ్ చేసి నడిపిస్తారు. నడిచింది కదాని "బాగైంది" అని రాసి మూసేస్తారు. తర్వాతి షిఫ్టువాడికి ఆ సంగతే తెలియదు. మేడమ్ దగ్గర ఆ ఆటలు సాగేవి కావు. "నడుస్తోందని రాయండి, బాగైందని రాయకండి" అనేవారు. సాఫ్ట్‌వేర్‌లో "తాత్కాలికం" అని వేరే గడి పెట్టించారు. ఏం కట్టారో, దేన్ని తట్టుకోలేదో అందులో అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయాలి.

అంతటితో అయిపోలేదు. తన పాత నారింజ రంగు నేతచీర చింపి పేలికలు చేశారు. జుగాడ్ చేసిన ప్రతి మిషన్‌కూ ఒక పేలిక కట్టాలి. అసలు పార్టు వేశాక దాన్ని విప్పి తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. అప్పుడే ఎంట్రీ మూసేవారు. "ఇది ఫ్యాక్టరీయా, దర్గానా మేడమ్?" అని ఒకడు అడిగేశాడు కూడా. "మొక్కు తీరాకే విప్పండి మరి" అని నవ్వారామె.

పిండి కలిపే పెద్ద మిక్సర్ అప్పట్లో నాది. తలుపు తీయగానే అది దానంతటదే ఆగాలి. తీసి, అంచుకంటిన పిండిని చేత్తో గీకడం నాకు ఏళ్ల అలవాటు. ఆ రోజు పొద్దున షిఫ్టెక్కి తలుపు పిడి మీద చెయ్యేశాను. వేళ్లకు పేలిక తగిలింది. ఏందిరా ఇది అనుకుంటూ స్క్రీన్ చూశాను. "తలుపు స్విచ్చు పాడైంది, వైరు కలిపేశాం. తీసినా మిక్సర్ ఆగదు. చెయ్యి పెట్టకండి." చెయ్యి వెనక్కి తీసుకుని మిక్సర్‌కు దూరంగా జరిగాను. ఆర్డరు తొందరలో మా ఎలక్ట్రీషియన్ చేసిన పని అది. ఇంటికెళ్తూ ఎంట్రీ వేసి, పేలిక కట్టి వెళ్లాడు.

మేడమ్ రాగానే మిక్సర్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌ను ఇంటి నుంచి పిలిపించారు. మేనేజర్ పరుగున వచ్చాడు. "ఆడిట్‌కొచ్చేటోళ్లు ఈ ఎంట్రీ సూస్తే ఇజ్జత్ పోతది మేడమ్, తీసెయ్యుండ్రి. గా ఎలక్ట్రీషియన్‌ను ఇయ్యాలే ఇంటికి పంపిస్త."

"ఇతను రాశాడు కాబట్టే అతనికి చెయ్యి మిగిలింది సార్" అన్నారామె, మా ఇద్దరినీ చూపిస్తూ. "చెప్పినవాణ్ణి పంపేస్తే రేపట్నుంచి ఎవరూ చెప్పరు. ఎంట్రీ ఉంటుంది. స్విచ్చు వచ్చేదాకా మిక్సర్ నడవదు." గొంతు పెంచలేదు. అంత పెద్ద మిక్సర్, అంత పెద్ద ఆర్డరు, ఆ చిన్న మనిషి మాటకు ఆగిపోయాయి. ఆ రోజు ఆమెను చూసినట్టు నేను ఇంకెవరినీ చూడలేదు.

తర్వాత నన్ను తన టేబుల్ దగ్గరికి తెచ్చుకుని పని నేర్పారు. కిడ్నీలు మొరాయించి ఆసుపత్రికి వెళ్లే ముందు తన కుర్చీ పేరిట కూడా ఒక ఎంట్రీ వేశారు. "ఈ కుర్చీలో మనిషి లేరు. తాత్కాలికంగా మిక్సర్ అబ్బాయి చూస్తాడు. మనసు మంచిది, తొందరెక్కువ. జెర ఆగమని చెబుతూ ఉండండి." కుర్చీ చేతికి పేలిక కట్టారు.

"ఏంది మేడమ్, నన్ను గిట్ల జుగాడ్‌ల కలిపిండ్రు?" అన్నాను.

"కలిపానయ్యా. తిరిగొచ్చి నేనే విప్పుతాను."

సంగారెడ్డిలో ఆమెను సాగనంపి వచ్చిన మర్నాడు మేనేజర్ నా దగ్గరికి వచ్చాడు. అతని కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. "ఇగ గా ఎంట్రీ మూసెయ్. కుర్చీ నీదే" అన్నాడు మెల్లగా.

పేలిక ముడి మీద చెయ్యి వేశాను. విప్పి తెచ్చి ఆమె చేతిలో పెడితేనే కదా మూసేది. విప్పి ఎవరి చేతిలో పెట్టను?

"జెర ఆగుండ్రి సార్" అన్నాను.

పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని పొద్దుటి ఎంట్రీలు చూడడం మొదలుపెట్టాను. ఫ్యాను గాలికి ఖాళీ కుర్చీ మీద నారింజ పేలిక ఊగుతూ ఉంది.