ముందు ఆయన ఫోనులో

కొవ్వూరు స్టేషన్ రోడ్డులో సెల్ షాపాయన ఏ యాప్‌నైనా ముందు తన ఫోనులో వేసుకుని వారం వాడి చూసేవారు. వాళ్ల నాన్నగారిది బెల్లం కొట్టు. తను రుచి చూడకుండా ఎవరికీ బెల్లం అమ్మేవారు కాదట. ఈయనకీ అదే అలవాటు. యాప్ స్టోర్లు కొత్తగా వచ్చిన రోజులవి. మాకెవరికీ చేతకాదు, ఆయనే వేసి పెట్టాలి.

ఒకసారి చేపల గేమ్ వేయమని అడిగాను.

"అది మీకొద్దండి," అన్నారు తలెత్తకుండా.

"ఏం, బాగాలేదా అండి?"

"చాలా బాగుందండి. నాలుగు రోజుల్నుంచి మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు."

ఇప్పుడు ప్రతి యాప్ కిందా వేలమంది ఇచ్చిన స్టార్లుంటున్నాయి. నాకు అవేవీ అక్కర్లేదు. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడుతున్నారో లేదో తెలిస్తే చాలు.